చీటీ మీద కొట్టేసిన మాట

ఆ రోజు నేను చేసిన తప్పు కొలిస్తే అంగుళం పొడవు కూడా ఉండదు. నాకంటే ముందు డ్యూటీలో ఉన్న డాక్టరు ఎక్స్‌రే చీటీ మీద 'పోర్టబుల్' అని రాసి వెళ్తే, నేను ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మిషన్‌ను మంచం దగ్గరికి తేనక్కర్లేదు, రోగినే ఎక్స్‌రే గదికి పంపండి అని దాని అర్థం. గీసేటప్పుడు తెలివైన పని చేస్తున్నానని లోపల కొంచెం గర్వం.

పోయిన వారం ఏదో సంతకం పనిమీద నిజామాబాదులోని ఆ పాత ఆసుపత్రికి వెళ్లాను. వెనక గోడవారగా, విరిగిన మంచాల మధ్య, వేలానికి పడేసిన సామానులో ఆ మిషన్ కనిపించింది. ఒక చక్రం లేదు. తోసే పిడికి సైకిలు బెల్లు మాత్రం ఇంకా బిగించే ఉంది. బొటనవేలితో నొక్కి చూశాను. మోగలేదు, లోపల తుప్పు కరకరమంది. అక్కడ బీడీ కాల్చుకుంటున్న పాత అటెండరు నన్ను గుర్తుపట్టాడు.

"బాపు పోయిండు గద సారు, ఎండకాలంల. మీకు ఎరుక లేదా?"

నాకు ఎరుక లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నా పేరు ఉండాల్సిన కాగితం మీద ఒకసారి ఆయన పేరు రాయించినవాణ్ని. ఇప్పుడు మళ్లీ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎలాగూ వార్డులో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. ఎక్స్‌రే టెక్నీషియన్ అన్న మాట ఎవరి నోటికీ తిరిగేది కాదు. అందరికీ ఆయన బెల్లు బాపు.

మా వరండా పొడుగునా రోగుల తాలూకు మనుషులే. తినేవాళ్లు తింటుంటే, పడుకున్నవాళ్ల కాళ్లు దారిలోకి చాపి ఉండేవి. ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవారు. ఆ కాళ్ల మధ్య నుంచి అంత బరువు మిషన్‌ను తోయాలంటే అరిచీ అరిచీ ఆయన గొంతు పోయేదట. అందుకని పాత సైకిలు బెల్లు ఒకటి తెచ్చి పిడికి బిగించాడు. ట్రింగుమంటే కాళ్లన్నీ ముడుచుకునేవి.

కానీ పోను పోను ఆ బెల్లుకు వేరే అర్థం వచ్చింది. అది ఏ మంచం దగ్గర ఆగితే ఆ మనిషి పని అయిపోయినట్టేనని వార్డంతా నమ్మడం మొదలుపెట్టింది. ఒక ముసలమ్మ రెండు చేతులూ జోడించి, "బాపూ, నీ బెల్లు మా దిక్కు తేకు" అని ఏడ్వడం నేను విన్నాను. ఇంకోవైపు, స్పెషల్ రూముల్లో చేరే పెద్దమనుషుల బంధువులది మరో దారి. "మా మామను గదిదాక తోలుతరా? మిషన్ ఈడికే రావాలె" అని పట్టుబట్టేవారు.

"ఒగలకు యముని గంట, ఒగలకు పెండ్లి బ్యాండు," అనేవాడు బాపు. "మిషన్ ఒక్కటే సారు."

పొడుగు మనిషి. ఫిల్ములు కడిగే మందునీళ్లకు వేళ్ల చివరలు గోధుమరంగు తిరిగి ఉండేవి. ఎంత కడిగినా పుల్లటి వాసన పోదని, మధ్యాహ్నం జొన్నరొట్టెను ఫిల్ముల మధ్య వచ్చే కాగితంతో పట్టుకుని తినేవాడు. ఆ కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవాడు. ఎందుకో నాకు తెలియదు. ఆయన విషయంలో నాకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి.

ఆయన పని చేసే తీరు మాత్రం బాగా గుర్తుంది. 'పోర్టబుల్' అని రాసిన చీటీ చేతికందితే వెంటనే మిషన్ తోసుకొచ్చేవాడు కాదు. ముందు ఖాళీ చేతులతో వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడేవాడు. కేసు కాగితం చూడడు. పక్కనున్న మనిషిని అడిగేవాడు.

"పొద్దుగాల దొడ్డికి ఎట్ల పోయిండు?"

చుట్టుపక్కల మంచాలన్నీ నవ్వేవి. నడిచి వెళ్లాడని చెప్తే, "మరి నా గదికి రానీకె ఏం రోగం?" అనేవాడు. ఆ తర్వాత రోగిని ఊరు అడిగేవాడు, పంట అడిగేవాడు. నందిపేట నుంచి వచ్చిన ఒక రైతు పసుపు ఉడకబెట్టడం మొదలుకొని ఎండబెట్టడం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, బాపు నావైపు తిరిగి, "గింత ముచ్చట జెప్పేటోడు ఊరుదాక నడుస్తడు సారు" అన్నాడు.

డాక్టర్లకు ఆయనంటే చిరాకు. మేం రాశాక తేవాలి కదా అని. కొత్తలో నాక్కూడా బద్ధకంగా కనిపించింది. రెంజల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వల్ల ఆ అభిప్రాయం మారింది. ఆయన ఆయాసంతో చేరాడు. బంధువులు గట్టివాళ్లు. గదికి పంపితే గొడవెందుకని పోర్టబుల్ రాశాను. మంచంలో పడుకోబెట్టి తీసిన ఫిల్ములో గుండె ఇంత వెడల్పున కనిపించింది. గుండె జబ్బే అనుకొని రెండు రోజులు దానికే మందులిచ్చాను. తగ్గలేదు.

మూడో రోజు బాపు వచ్చి, "సారు, ఆయనను ఒక్కపారి నిలవెట్టి తీద్దం" అన్నాడు. గదికి తీసుకెళ్లి నిలబెట్టి తీస్తే గుండె మామూలుగానే ఉంది. కుడివైపు ఊపిరితిత్తి అడుగున మాత్రం గీత గీసినట్టు నీరు.

నేను రెండు ఫిల్ములూ పట్టుకొని అయోమయంగా చూస్తుంటే, ఆయన డార్క్‌రూములో టార్చి వెలిగించి నా చేతికిచ్చాడు. తన అరచేతిని గోడకు ఆనించి, నీడ చూడమన్నాడు. తర్వాత చేతిని గోడకు దూరం జరిపాడు. నీడ పెద్దదైంది.

"చెయ్యి పెరిగిందా సారు? మంచం మీద ముంగట నుంచి తీస్తే గుండె ఫిల్ముకు దూరముంటది. గంతే."

తర్వాత సగం ఖాళీ అయిన సెలైన్ సీసాను నిలబెట్టాడు. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో తెలిసింది. అదే సీసాను అడ్డంగా పడుకోబెట్టి పైనుంచి చూడమన్నాడు. అంతటా నీళ్లే.

నేను కాలేజీలో చదవని సంగతేమీ కాదు అది. కానీ చదివినట్టు అప్పుడే తెలిసింది. అప్పటినుంచి ఆయనను 'మీరు' అని పిలవడం మొదలుపెట్టాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆయన ప్రశ్నను తీసుకొని నా సూత్రం చేసుకున్నాను. రౌండ్లకు వెళ్తూ అందరినీ దొడ్డికి ఎలా వెళ్లారని అడగడం, చీటీల మీద 'పోర్టబుల్' కొట్టేయడం. మిగతా డాక్టర్లకు తెలియనిది నాకు తెలుసన్న ధీమా.

ఆ ధీమాలో ఉండగానే ఆ రోజు వచ్చింది.

నవీపేట నుంచి ఒకామె. బీడీలు చుట్టే మనిషి, నలభై దాటి ఉంటుంది. ఎప్పటినుంచో దగ్గు. ముందురోజు ఉన్నట్టుండి దమ్ము ఎక్కువై ఊపిరాడడం లేదని తెల్లారే భర్త తీసుకొచ్చాడు. ఇవ్వాల్సిన బీడీ కట్టలు మిగిలాయని చాట కూడా వెంట తెచ్చుకుంది. అది మంచం కింద ఉంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. చీటీ మీద పోర్టబుల్ రాసి ఉంది. నేను భర్తను అడిగాను.

"పొద్దున దొడ్డికి ఎట్ల పోయింది?"

"నడ్సుకుంటనే పోయింది సారు, నేను పట్టుకున్న."

మొదటి సగమే నాకు వినిపించింది. గీత గీశాను.

కాసేపటికి బాపు ఖాళీ చేతులతో వచ్చాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, ఏ ఊరు?"

"నవీ..." ఆమె ఆగి గాలి తీసుకుంది. "...పేట."

ఆయన నావైపు తిరిగాడు. "సారు, నేను మిషన్ తెస్త."

"ఎందుకు? మీ లెక్కే కదా, నడిచి పోయింది."

"అది లెక్క గాదు సారు. ఉత్తగ అడుగుడు."

వార్డంతా వింటోంది. సిస్టర్ వింటోంది. నా సంతకం ఉన్న చీటీ ఆయన చేతిలో ఉంది. నాకు ఒళ్లు మండింది. "డాక్టరువి నువ్వా, నేనా?" అన్నాను. మీరు నుంచి నువ్వుకు దిగడం నాకే వినిపించింది. ఆయన చీటీని నా చేతికి తిరిగిచ్చి, స్ట్రెచర్ బండిని తనే తెచ్చి, ఆమెను ఎక్కించుకొని తోసుకెళ్లాడు. వెంట పంపే చిన్న ఆక్సిజన్ సిలిండరు వేరే వార్డులో ఉంది. అయిదు నిమిషాల పనే కదా అని అది లేకుండానే పంపాను. నేను వెంట వెళ్లలేదు. ఇంకో కేసు కాగితం రాస్తూ కూర్చున్నాను.

వరండా మలుపులో కేక వినిపించింది. నేను లేచేలోపే బండి వెనక్కి వస్తోంది. బాపు పరుగెత్తుతున్నాడు, ఆమె పెదాలు నేరేడుపండులా ఉన్నాయి, తల పక్కకు వాలిపోయింది. మంచం మీదికి మార్చి ఆక్సిజన్ పెట్టాం. కొంచెం తెప్పరిల్లింది. నేను పెద్ద డాక్టరుకు కబురు పంపేలోపు దూరం నుంచి బెల్లు. ఆగకుండా, ఊపిరి తిప్పుకోకుండా మోగుతున్న బెల్లు.

భర్త నేల మీద కూలబడిపోయాడు. "అయిపాయె, అయిపాయె" అంటున్నాడు.

"ఏమయిపాయె? లే! లేసి అక్కను పట్టుకొని కూసోవెట్టు," అని కసిరాడు బాపు. అప్పటిదాకా మాకు రెండే దారులు తెలుసు: గదికి తీసుకెళ్లి నిలబెట్టడం, లేదంటే మంచం మీద పడుకోబెట్టడం. ఆయన ఆమెను మంచం మీదే కూర్చోబెట్టాడు. వీపు వెనక ఫిల్ము పెట్టె నిలవడం లేదు, దిండు మెత్తగా ఉంది. మంచం కింద నుంచి చాట లాగి, దిండుకూ పెట్టెకూ మధ్య పెట్టాడు. పెట్టె కదలకుండా నిలిచింది. కిరణాలు సోకకుండా తను వేసుకోవాల్సిన సీసపు కోటును భర్తకు తొడిగి, పక్క మంచాలవాళ్లను దూరం పొమ్మన్నాడు.

మామూలుగా ఆయన రోగులతో ఒకే పాట పాడినట్టు చెప్పేవాడు: "ఊపిరి పట్టు... పట్టు... ఇగ ఇడువు." ఆ రోజు ఆమెకు ఆ మాట చెప్పలేదు. ఆమె ఛాతీ వైపే చూస్తూ, తనే ఊపిరి పట్టి, రెండు ఎగశ్వాసల మధ్య బటన్ నొక్కాడు.

తడి ఫిల్ము నీళ్లు కారుతుండగానే వచ్చింది. ఎడమ ఊపిరితిత్తి చిల్లుపడి, గాలి బయట నిండి, చేతిరుమాలులా ముడుచుకుపోయి ఉంది. పడుకోబెట్టి తీసి ఉంటే కనబడేదో లేదో. పెద్ద డాక్టరు వచ్చి ఛాతీలోకి గొట్టం వేశాడు. గాలి బుడగలు బుడగలుగా పోయింది. మధ్యాహ్నానికి ఆమె నీళ్లడిగింది.

అప్పుడు భర్తకు కోపం పైకొచ్చింది. లేచి బాపు మీదికి వెళ్లాడు.

"మిషన్ పెట్టుకొని నా పెండ్లాన్ని ఈడ్సుకపోతవా? నీ బద్ధకం పాడుగాను! సంపుతుంటివి గద!"

బాపు చాటను తుడిచి మంచం కింద పెడుతున్నాడు. తలెత్తి నావైపు ఒక్కసారి చూశాడు. నేను ఫిల్ము వైపు చూశాను.

మర్నాడు సూపరింటెండెంటు పిలిచి అడిగాడు, పోర్టబుల్ ఎవరు వద్దన్నారని. చీటీ నా కోటు జేబులో ఉంది. "ఎక్స్‌రే వాళ్లు మామూలుగా గదికే రమ్మంటారు సార్" అన్నాను. అందులో అబద్ధమని చూపించగల మాట ఒక్కటీ లేదు. అందరూ నమ్మారు కూడా. పోర్టబుల్ తెమ్మంటే సవాలక్ష ప్రశ్నలు వేసే మనిషని ఊరంతటికీ తెలుసు. అన్నేళ్లుగా ఆయన రోగుల కోసం పడ్డ తిప్పలే ఆయన మీద సాక్ష్యం చెప్పాయి. ఆయన పేరుతో మెమో వెళ్లింది. నెల తిరక్కుండా బోధన్ వైపు చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆమె బతికింది కదా, ఇంక దాన్ని తవ్వడం దేనికని నాకు నేను చెప్పుకున్నాను.

కానీ ఆ తర్వాత నా బుర్ర పనిచేయడం మానేసింది. కొట్టేస్తే ఆ వరండా మలుపు గుర్తొచ్చేది. అందుకని అందరికీ పోర్టబుల్ రాయడం మొదలుపెట్టాను. మిషన్ మంచం నుంచి మంచానికి తిరిగేది, నిజంగా కావాల్సిన మనిషి వంతు సాయంత్రానికి వచ్చేది. వచ్చిన ఫిల్ముల్లో సగం మసకలు. వెడల్పాటి గుండెలు. ఏది జబ్బో, ఏది నీడో తేలేది కాదు. మళ్లీ కొట్టేయడం మొదలుపెట్టేవాణ్ని. కలం ఎత్తి చీటీ మీద ఆగిపోయేవాణ్ని. సిస్టర్, "సారూ, రాస్తరా, నన్ను రాయమంటరా?" అని నవ్వేది. కొత్తగా వచ్చిన టెక్నీషియన్ మంచివాడే. ఏది రాస్తే అది చేసేవాడు. దానికే నాకు భయం వేసేది.

చివరికి ఒక ఆదివారం బోధన్ బస్సెక్కాను. చెరుకు సీజను. దారంతా చెరుకు బండ్లు. ఒకచోట బస్సు చాలాసేపు ఆగిపోయింది. దిగి వెనక్కి వెళ్లిపోదామని రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చున్నాను.

ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. ఎక్స్‌రే గది గుమ్మంలో స్టూలు మీద కూర్చొని, కాగితంతో రొట్టె పట్టుకొని తింటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. సగం రొట్టె తుంచి ఇచ్చాడు. నేను దాన్ని చేతిలో పెట్టుకొని, ఒక వరసా క్రమం లేకుండా అంతా చెప్పాను. కొట్టేసిన గీత, వినని సగం మాట, జేబులో చీటీ, సూపరింటెండెంటు ముందు అన్న మాట.

ఆయన నమిలి మింగేదాకా ఆగాడు.

"ఇన్ని దినాల సంది ఊపిరి పట్టుకొని ఉన్నరు సారు. ఇగ ఇడువుండ్రి."

నాకు ఏడుపొచ్చింది. కాసేపయ్యాక, ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"గప్పుడు ఆమె దమ్ము సూసుకోవాలెనా, మన పంచాయితి సూసుకోవాలెనా?"

"తర్వాత?"

"తర్వాత మీరు చెప్తరనుకున్న."

అయినా నన్ను అక్కడిదాకా తెచ్చిన అసలు సందేహం అడగకుండా ఉండలేక అడిగాను: ఎవర్ని గదికి తేవాలి, ఎవరి దగ్గరికి మిషన్ పోవాలి, ఆయనకు ఎలా తెలుస్తుందని.

"నాకు గూడ తెల్వదు సారు. తెల్వదనే పోయి సూస్త. మీరు తెల్సనుకొని ఆడనే కూసున్నరు." చేతులు దులుపుకొని లేచాడు. "అది సరే గని, ఇదంత నాకెందుకు చెప్పిండ్రు? నాకెరుకే గద. ఎరుకలేనోళ్లకు చెప్పుండ్రి."

సోమవారం పొద్దున సూపరింటెండెంటుకు ఉత్తరం రాసి, కొట్టేసిన చీటీని దానికి గుండుసూదితో గుచ్చి ఇచ్చాను. ఆయన చదివి, చీటీని వెలుతురుకు పట్టి చూసి, నన్ను కూర్చోమనలేదు. బాపు మీద మెమో రద్దయింది, నా మీద వచ్చింది. మళ్లీ నిజామాబాదు రమ్మంటే బాపు రానన్నాడు. "ఈడ వరండ చిన్నగున్నది సారు, నాకు గిదే మంచిగున్నది" అని కబురు పంపాడు. నా మీద కోపమో, నిజంగానే వరండా సంగతో, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ వారమే నవీపేట వెళ్లాను. ఆమె గడపలో చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది. భర్త ఎదుట చెప్పాను, ఆ రోజు మిషన్ వద్దన్నది నేను, తెస్తానన్నది ఆయన అని.

"నాకు దమ్మే లేకపాయె సారు, ఎవలేం జేసిండ్రో నాకేమెరుక" అని ఆమె బీడీ చుడుతూనే ఉంది. భర్త మాత్రం నన్ను తిడతాడనుకున్నాను.

"మిమ్ములను తిడ్త తియ్యి సారు, అది వేరే ముచ్చట," అన్నాడు. "ఆయనను తిట్టిన గద, అంత మంది నడుమ. అది ఎట్ల ఎనుకకు తీసుకోవాలె?"

బాపు దగ్గరికి పోదాం రమ్మన్నాను. ఇద్దరం బస్సులో బోధన్ వెళ్లాం. బాపు ముందు నిలబడి అతను తువ్వాలు నలుపుతూ, "బాపూ, నోరు జారిన" అన్నాడు.

బాపు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "అక్క ఊరి పేరు ఒక్క దమ్ముల చెప్తున్నదా?"

"ఊరి పేరేంది బాపూ! ఊరంత ఇనవడెటట్టు నన్ను తిడ్తున్నది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో నేను కలవవచ్చో లేదో తెలియక పక్కన నిలబడ్డాను. అంతలో వార్డు నుంచి ఒక చీటీ వచ్చింది. దాని మీద 'పోర్టబుల్' అని రాసి ఉంది. బాపు చదివి జేబులో పెట్టుకొని, ఖాళీ చేతులతో లేచాడు. నేను ఆయన వెనకే వెళ్లాను. మంచం మీద ఎవరో ముసలాయన. బాపు ఏమీ అడగకుండా నా వైపు చూశాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఏ ఊరు పెద్దాయనా అని అడిగాను. జవాబు చివరిదాకా విన్నాను.